బొగ్గు గనులు – వాటాల బజారు

గోదావరిఖని పట్టణంలో "ఈసారి వాటా ఎంత?" అని అడిగితే ఆ ప్రశ్న అర్థం కాని మనిషి ఉండడు. దసరా పండుగ దగ్గర పడేసరికి సింగరేణి సంస్థ గడచిన సంవత్సరపు లాభంలో కొంత భాగాన్ని కార్మికులకు పంచుతుంది. లాభాల వాటా అని దానికి పేరు. 2023–24 సంవత్సరపు లాభంలో నుంచి 796 కోట్ల రూపాయలు ఈ విధంగా ప్రకటించారు. ఆ రోజులలో రామగుండం మొదలు మందమర్రి, బెల్లంపల్లి వరకు బట్టల అంగళ్లలోను, బంగారపు అంగళ్లలోను అడుగు పెట్టే చోటు ఉండదు. చిట్టీల వారు, ఇండ్ల స్థలాల వారు, భీమా ఏజెంట్లు కూడ ఆ రోజుల కొరకే కాచుకొని ఉంటారు.

ఇంత వాటా తీసుకొనే కార్మికుడు తాను పనిచేసే కంపెనీకి వాటాదారు మాత్రం కాడు. సింగరేణి వాటాలలో నూటికి 51 తెలంగాణ రాష్ట్ర ప్రభుత్వానివి, 49 కేంద్ర ప్రభుత్వానివి. అవి బజారులో దొరకవు. బొంబాయి షేర్ మార్కెట్టులో ఎంత గాలివాన లేచినా, సింగరేణి వాటా ఇంత పడిపోయినదన్న వార్త మరునాటి పత్రికలో రాదు. ఈ విషయం తెలిసిన శ్రోతలలో చాలమంది, ఈ గనులకు ఆ బజారుతో ఏనాడూ సంబంధం లేదనే అనుకొంటారు.

అది నిజం కాదు. ఈ బొగ్గు పేరుతో అచ్చయిన వాటా కాగితాలు ఒకప్పుడు లండను నగరంలో చేతులు మారినవి. వాటి వెనుక లేచిన అల్లరి బ్రిటిషు పార్లమెంటు దాకా వెళ్లినది. ఆ కథను ముందు చెప్పి, అటుపిమ్మట నూట ఇరవై సంవత్సరాలు దాటి, 2008లో ప్రపంచమంతట వచ్చిన ఆర్థిక సంక్షోభంలో ఈ బొగ్గు ప్రాంతపు చిన్న మదుపరులు ఏమి చేశారో చెప్పాలని నా సంకల్పం.

బొగ్గు దొరికిన వైనం గురించి ఇల్లందు ప్రాంతంలో ఒక మాట చెప్పుకొంటారు. భద్రాచలం యాత్రకు పోతున్న వారు దారిలో పొయ్యి పెట్టుకొంటే, పొయ్యి రాళ్లే అంటుకొని మండినవట. ఇది ఎంతవరకు నిజమో గాని, 1870 దశకం మొదటి సంవత్సరాలలో భారత భూగర్భ పరిశోధన శాఖకు చెందిన విలియం కింగ్ అనే శాస్త్రజ్ఞుడు సింగరేణి గ్రామ ప్రాంతంలో బొగ్గు పొరలు ఉన్నవని తేల్చాడు. ఆ గ్రామం పేరే సంస్థకు పేరైనది. ఆనాడు నిజాం రాజ్యంలో రైలుమార్గం వాడి నుంచి హైదరాబాదు దాకా వచ్చి, అక్కడి నుంచి బెజవాడ వైపు సాగే ప్రయత్నంలో ఉన్నది. రైలుకు బొగ్గు కావాలి. బొగ్గు తవ్వాలంటే పెట్టుబడి కావాలి. పెట్టుబడి దొరికే చోటు ఆ కాలంలో లండను.

నిజాం సర్కారు తరఫున ఈ వ్యవహారాలు నడిపినవాడు అబ్దుల్ హక్. సర్దార్ దిలేర్ జంగ్, దిలేర్ ఉల్ ముల్క్ మొదలైన బిరుదులు పొందిన ఉన్నతోద్యోగి. రైలు ఒప్పందాల విషయంలో లండనులో మాటలు నడిపి పేరు తెచ్చుకొన్నాడు. 1886 జనవరిలో వాట్సన్, స్టూవర్టు అనే ఇద్దరు ఇంగ్లీషువారికి నిజాం రాజ్యంలోని ఖనిజాలను వెలికితీసే హక్కును 99 సంవత్సరాలకు ఇస్తూ ఒప్పందం జరిగినది. ఆ హక్కును చేతబట్టుకొని వారు లండనులో హైదరాబాద్ దక్కన్ కంపెనీని స్థాపించారు. మూలధనం 10 లక్షల పౌనులు. పది పౌనుల వాటాలు లక్ష.

ఈ లక్ష వాటాలు ఎవరికి పోయినవన్నదే అసలు కథ. అందులో 85 వేల వాటాలు, పూర్తిగా సొమ్ము చెల్లించినట్లుగా లెక్క వ్రాసి, హక్కు సంపాదించిన వారికే ఇచ్చారు. వారు కంపెనీకి ఒక పౌను నగదు తేలేదు. తెచ్చినది నిజాం సర్కారు ఇచ్చిన కాగితం. ఆ కాగితానికి 8 లక్షల 50 వేల పౌనుల వెల కట్టుకొన్నారు. గనులు తవ్వడానికి నగదు తెచ్చిపెట్టవలసిన వాటాలు మిగిలిన 15 వేలు మాత్రమే. యంత్రాలు కొన్నా, కూలీలకు జీతాలు ఇచ్చినా, ఆ సొమ్ములో నుంచే.

వాటాల బజారు తెలియనివారికి ఇక్కడ ఒక మాట వివరించాలి. సంతలో నూరు బస్తాల ధాన్యం ఉండగా 85 బస్తాలు ఒకే వర్తకుని కొట్టులో ఉండి, 15 మాత్రమే రాశిగా పోసి ఉన్నవనుకొందాము. ఆ వర్తకుని మనుషులే వచ్చి రాశిలో నుంచి రెండు బస్తాలు హెచ్చు ధరకు కొంటే, సంతలో ధర అదే అవుతుంది. ఆ ధర విని దూరపు ఊళ్లవారు పరుగెత్తుకొని వస్తారు. అప్పుడు కొట్టు తలుపులు కొద్దికొద్దిగా తెరుచుకొంటాయి. లండనులో జరిగినది ఇదే. వాటా ధర ముఖవిలువను దాటినది. హక్కుదారులు తమకు ఉచితంగా వచ్చిన వాటాలను ఆ ధరకు విడుదల చేస్తూ పోయారు.

అలా కొన్నవారిలో ఇంగ్లీషు గృహస్థులు ఉన్నారు. కాని అందరికంటె చిత్రమైన కొనుగోలుదారు నిజాం సర్కారే. రాజ్యానికి ఈ కంపెనీలో వాటా ఉండడం మేలని అబ్దుల్ హక్ నచ్చజెప్పాడు. ఖజానా సొమ్ముతో ముఖవిలువకు మించిన ధర చెల్లించి వాటాలు కొన్నారు. ఆ వాటాలు హక్కుదారుల వద్ద నుంచి అబ్దుల్ హక్‌కే రహస్యంగా ముట్టినవని తరువాత బయటపడినది. అమ్మినవాడూ కొనిపించినవాడూ ఒక్కడే. ఒకవైపు సర్కారు ప్రతినిధి, మరొకవైపు వాటాల యజమాని.

1888లో ఈ గుట్టు రట్టయినది. అబ్దుల్ హక్‌ను పదవి నుంచి తప్పించారు. బ్రిటిషు పార్లమెంటు దిగువ సభ ఒక ప్రత్యేక విచారణ సంఘాన్ని నియమించినది. సాక్షులను పిలిచినారు, లెక్కలు చూచినారు, నివేదిక అచ్చువేసినారు. నిజాం సర్కారు తరఫున ఆ విచారణను గమనించడానికి మెహదీ హసన్ అనే ఉద్యోగి లండను వెళ్లాడు. ఆయన జీవితంలో తరువాత వచ్చిన కష్టాలు మరొక ప్రసంగానికి సరిపోతాయి గనుక ఇప్పుడు వాటి జోలికి పోను.

నా మనస్సు నిలిచిపోయేది మరొకచోట. ఖజానా సొమ్ము అంటే ఏమిటి? రైతు కట్టిన శిస్తు. నేటి రామగుండం ప్రాంతం ఆనాటి ఎలగందల జిల్లాలోనిది, అనగా తరువాతి కరీంనగరం జిల్లాలోనిది. గోదావరి ఒడ్డున జొన్నలు పండించుకొని శిస్తు కట్టిన రైతు, తనకు తెలియకుండానే, లండను కంపెనీలో హెచ్చు ధరకు వాటాలు కొన్నవాడయ్యాడు. లండను గృహస్థు తన వాటా పడిపోతే ఉదయం పత్రికలో చూచి, దళారి వద్దకు పరుగెత్తి అమ్ముకొనగలడు. పత్రికకు ఉత్తరం వ్రాయగలడు. తన పార్లమెంటు సభ్యుణ్ణి నిలదీయగలడు. విచారణ జరిగినది కూడ ఆయన ఊరిలో, ఆయన భాషలో. ఎలగందల రైతుకు తాను వాటా కొన్నట్లు చెప్పినవారు లేరు. నష్టపోయినట్లు చెప్పినవారూ లేరు. తన పొలం కింద కూడ బొగ్గు ఉన్నదన్న సంగతే ఆయనకు తెలియదు.

ఇటువంటి వాటాల పిచ్చి భారతదేశానికి అప్పటికే కొత్త కాదు. అమెరికా అంతర్యుద్ధ కాలంలో పత్తి ధరలు పెరిగి బొంబాయిలో వాటాల జూదం ముదిరినది. 1865లో యుద్ధం ముగిసిన వార్త రాగానే అదంతా కుప్పకూలినది. ఆ వార్త ఎవరి చెవిన ముందు పడితే వారు బయటపడ్డారు.

కుంభకోణం జరిగినా భూమిలోని బొగ్గు ఎక్కడికీ పోలేదు. ఇల్లందులో 1889 నాటికి తవ్వకం మొదలైనది. ఆ తరువాతి చరిత్రను రెండు ముక్కలలో చెబుతాను. 1920 డిసెంబరు 23న సింగరేణి కాలరీస్ కంపెనీ లిమిటెడ్ అనే కొత్త సంస్థ హైదరాబాదు చట్టం కింద నమోదై, పాత లండను కంపెనీ ఆస్తులను, అప్పులను తీసుకొన్నది. 1945లో హైదరాబాదు ప్రభుత్వం అధిక సంఖ్యాక వాటాలను కొన్నది. 1956లో రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణతో ఆ అధికారం ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వానికి, 2014లో తెలంగాణ ప్రభుత్వానికి వచ్చినది. తవ్వకం ఇల్లందు నుంచి కొత్తగూడెం, బెల్లంపల్లి మీదుగా గోదావరి తీరానికి చేరి, 1960 దశకంలో గోదావరిఖని అనే పట్టణమే పుట్టినది. నదిపేరు, గనిపేరు కలిపి ఊరికి పెట్టుకొన్నారు. దాని పక్కనే విద్యుత్కేంద్రాలు, ఎరువుల కర్మాగారము వచ్చినవి.

1990 దశకంలో సంస్థ నష్టాలలో కూరుకొనిపోయినది. లక్షకు మించి ఉన్న కార్మికుల సంఖ్యను తగ్గించడానికి స్వచ్ఛంద విరమణ పథకాలు తెచ్చారు. దానిని గోల్డెన్ షేక్‌హ్యాండ్ అనేవారు. నేడు సంస్థలో ఉన్నవారు సుమారు 40 వేల మంది. తట్ట, చెమ్మస్ పట్టి బొగ్గు నింపినవారు, టబ్బులు తోసినవారు, ఇరవై ముప్పయి సంవత్సరాల పని తరువాత ఒక్కసారిగా నాలుగైదు లక్షల రూపాయలు చేత పుచ్చుకొని ఇంటికి వచ్చారు. అంత సొమ్మును ఒకే మొత్తంగా వారు అంతకుముందు చూచి ఉండరు. బ్యాంకులలో వడ్డీరేట్లు అప్పటికే తగ్గుముఖం పట్టినవి.

మా మేనమామ ఆ విధంగా బయటకు వచ్చినవారిలో ఒకరు. గోదావరిఖని గనులలో మైనింగ్ సర్దారుగా చేరి ఓవర్‌మన్‌గా దిగిపోయారు. సగం సొమ్ము ఇంటికి, పెద్ద కొడుకు చదువుకు పోయినది. మిగిలినదానిలో కొంత బ్యాంకులో వేసి, 2006లో ఒక బ్రోకరు ఆఫీసులో డిమాట్ ఖాతా తెరిచారు. చౌరస్తాకు దగ్గరలో ఒక మేడమీది గది. గోడకు ఒక తెర, నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు. కాగితంపై వాటా కాలం అప్పటికే పోయినది. 1943లో స్థాపించిన హైదరాబాదు స్టాక్ ఎక్స్ఛేంజి కూడ 2007లో గుర్తింపు కోల్పోయి మూతపడినది. బొంబాయి తెరలే ప్రతి చిన్న పట్టణానికి వచ్చినవి గనుక ప్రాంతీయ బజారులతో ఎవరికీ పని లేకపోయినది.

ఆ రెండు సంవత్సరాలు కొన్నవన్నీ పెరిగినవి. 2008 జనవరి 8న సెన్సెక్సు సూచీ 20,873 వద్ద ముగిసినది. రెండు వారాలు తిరగకుండానే, జనవరి 21న ఒక్కరోజులో 1,408 పాయింట్లు పడినది. మరునాడు ఉదయం బజారు తెరవగానే పదింట ఒక వంతుకు మించి పడిపోవడంతో, నిబంధన ప్రకారం గంటసేపు వ్యాపారాన్ని నిలిపివేశారు. అమెరికాలో ఇండ్ల అప్పులు మొండిబకాయిలై అక్కడి బ్యాంకులు చిక్కులలో పడినవని, విదేశీ సంస్థలు ఇక్కడి వాటాలు అమ్మి సొమ్ము తీసుకొని పోతున్నవని తరువాత అందరికీ తెలిసినది. ఆ సంవత్సరంలో వారు తీసుకొనిపోయినది యాభై వేల కోట్ల రూపాయలకు మించిన మొత్తం.

ఆ రోజులలో నేను రెండు మూడు పర్యాయాలు గోదావరిఖని వెళ్లాను. ఆ మేడమీది గదిలో చూచిన ఒక సంగతి నాకు ఏ ఆర్థికశాస్త్ర గ్రంథంలోను కనబడలేదు. బొగ్గుగనిలో మొదటి షిఫ్టు ఉదయం 7 గంటలకు మొదలై మధ్యాహ్నం 3 గంటలకు ముగుస్తుంది. భూగర్భ గనిలోకి అగ్గిపెట్టె, బీడీ, సెల్‌ఫోను తీసుకొని పోరాదు. వాయువులు అంటుకొనే ప్రమాదం ఉన్నందున గని ముఖద్వారం వద్దనే తనిఖీ చేస్తారు. షేర్ మార్కెట్టు మధ్యాహ్నం మూడున్నరకు మూసివేస్తారు. అనగా మొదటి షిఫ్టు కార్మికుడు పైకి వచ్చి, దీపం అప్పగించి, ఒంటి మీది బొగ్గు కడుక్కొని మేడమెట్లు ఎక్కేసరికి ఆ నాటి బజారు అయిపోతుంది. బొంబాయిలోని మదుపరి నిమిష నిమిషానికి చూచి భయపడతాడు. గనిలోని మదుపరికి ఆ భయం ఎనిమిది గంటలకొకసారి మొత్తంగా వస్తుంది. రెండవ షిఫ్టు వారు ఉదయం తెర ముందు కూర్చొని, ఎర్రగా మెరిసే అంకెలు చూచి, అమ్మాలా వద్దా తేల్చుకోకుండానే రెండు గంటలకు లేచి గనికి పోయేవారు.

అదే తెర ముందు అందరూ ఒకే విధంగా ప్రవర్తించలేదు. బ్రోకరు వద్ద అప్పు తీసుకొని కొన్నవారికి తేల్చుకొనే పనే లేదు. ధర ఒక మేరకు దిగగానే అదనపు సొమ్ము కట్టమని ఫోను వస్తుంది, కట్టనివారి వాటాలను బ్రోకరే అమ్మివేస్తాడు. అప్పు లేనివారిలో కొందరు కొన్న ధర వచ్చేవరకు అమ్మేది లేదని పట్టుబట్టారు. ఇంకొందరు, పడినకొద్దీ మరికొన్ని కొని సగటు ధర తగ్గించుకొంటున్నామని సంతోషించారు. ఒకాయన డిమాట్ పుస్తకాన్ని పెట్టెలో వేసి తాళం పెట్టి, ఆ మేడ ఎక్కడమే మానుకొన్నాడు. నన్నడిగితే, బుద్ధిలో వీరికీ వారికీ ఏమంత తేడా లేదు. తేడా అంతా ఎవరికి ఎప్పుడు డబ్బు అవసరమన్న దానిలోనే ఉన్నది.

మా మామయ్య మొదట తొణకలేదు. గనిలో పైకప్పు భద్రంగా ఉన్నదో లేదో చూడడానికి సర్దారు ఇనుపకడ్డీతో తట్టి వింటాడు. గట్టిరాయి ఖంగుమంటుంది. పొర విడిన రాయి బోలుగా, డొల్ల శబ్దం చేస్తుంది. ఆ శబ్దం వినగానే మనుషులను వెనుకకు పిలుస్తాడు. ముప్పయి ఏండ్లు ఆ చెవితో బ్రతికిన మనిషి నన్ను ఒకనాడు ఇలా అడిగారు: "అల్లుడా, నువ్వు రేడియోల పనిచేస్తవు, పెద్ద సదువు సదివినవు. గీ కంపెనీలను తట్టి సూసేది యాడ?" వార్షిక నివేదికలు ఉంటాయని, ఆడిటర్ల సంతకాలు ఉంటాయని చెప్పాను. ఆయన తల ఊపారు. ఆ జవాబుకు ఎంత విలువ ఉన్నదో కొన్ని నెలలలోనే తేలిపోయినది.

2008 సెప్టెంబరు 15న అమెరికాలో లేమాన్ బ్రదర్స్ అనే నూట యాభై సంవత్సరాల నాటి సంస్థ దివాలా తీసినది. అక్టోబరు 27న సెన్సెక్సు ఒక దశలో 7,697కు దిగిపోయినది. జనవరి శిఖరం నుంచి చూస్తే మూడింట రెండు వంతులకు దగ్గరగా హరించుకొనిపోయినట్లు. మా మామయ్య అమ్మినది ఆ వారంలోనే. భయపడి కాదు. మాఘమాసంలో చిన్నకూతురి పెండ్లి. ఫంక్షన్ హాలుకు బయానా ఇవ్వాలి, బంగారం కొనాలి. లక్షన్నర పెట్టినచోట అరవై వేలు చేతికి వచ్చినవి. లోటు సి.ఎం.పి.ఎఫ్. పింఛను మీద ఆధారపడిన మనిషి బంధువుల వద్ద అప్పుచేసి పూడ్చుకొన్నారు. ఆ అప్పులో కొంత భాగం నాకు కూడ తెలుసు.

ఇక్కడ ఒక విషయం గమనించదగినది. వాటాల ధరలు ఈ విధంగా కూలిన ఆ 2008–09 సంవత్సరంలో సింగరేణి గనులు 4 కోట్ల టన్నులకు మించి బొగ్గు తీసినవి. అంతకుముందు సంవత్సరంకంటె అది ఎక్కువ. బొగ్గు రైళ్లు ఆగలేదు, రామగుండం విద్యుత్కేంద్రం పొగగొట్టాలు ఆగలేదు. భూమిలో ఉన్న వస్తువుకు, దాని మీదనో మరొకదాని మీదనో పుట్టిన కాగితానికి మధ్య దూరం 1888లో ఎంత ఉన్నదో, అప్పుడూ అంతే ఉన్నది.

ప్రపంచ సంక్షోభం ఇంకా చల్లారకముందే తెలుగు మదుపరులకు ఇంటిలోనే మరొక దెబ్బ తగిలినది. 1987లో హైదరాబాదులో స్థాపించిన సత్యం కంప్యూటర్స్ కంపెనీ వాటాలు తెలుగువారికి ఒక విధంగా స్వంత పొలం వంటివి. ఊరికొక ఇంజనీరింగు పిల్లవాడు అందులో ఉద్యోగంలో ఉన్నందున, ఆ వాటాను కొనడానికి వేరే పరిశోధన అవసరం లేదని అనుకొనేవారు. 2008లోనే సుపరిపాలనకు గోల్డెన్ పీకాక్ బహుమతి కూడ ఆ కంపెనీకి వచ్చినది. ఆ డిసెంబరు 16న తమ కుటుంబానికే చెందిన మేటాస్ సంస్థలను 160 కోట్ల డాలర్లకు కొంటున్నట్లు కంపెనీ ప్రకటించి, వాటాదారుల ఆగ్రహం చూచి కొన్ని గంటలలో విరమించుకొన్నది. డొల్ల శబ్దం అప్పుడే వినబడినదని ఇప్పుడు చెప్పడం సులభం. విని వెనుకకు వచ్చినవారూ ఉన్నారు. ధర తగ్గినది గనుక మంచి బేరమని ముందుకు పోయినవారూ ఉన్నారు.

2009 జనవరి 7న, బజారు నడుస్తూ ఉండగానే, చైర్మన్ రామలింగరాజు లేఖ వెలువడినది. కంపెనీ పుస్తకాలలో చూపిన నగదులో 5,040 కోట్ల రూపాయలు లేనే లేవని అందులో ఒప్పుకొన్నారు. ముందురోజు 179 రూపాయలు పలికిన వాటా ఆ సాయంత్రానికి 39 రూపాయల 95 పైసలకు పడినది. అది బుధవారం. మొదటి షిఫ్టులో గని దిగిన వాటాదారు ఎవరైనా ఉంటే, ఉదయం ఒక ధర చూచి దిగి, మధ్యాహ్నం పైకి వచ్చేసరికి అందులో నాలుగవ వంతు కూడ మిగలలేదు. రెండు రోజుల తరువాత ఇంకా చవకగా అమ్మినవారు ఉన్నారు. ప్రభుత్వం పాత డైరెక్టర్ల సంఘాన్ని తొలగించి కిరణ్ కార్నిక్, దీపక్ పారేఖ్, అచ్యుతన్‌లను నియమించినది. ఏప్రిల్‌లో టెక్ మహీంద్ర సంస్థ వాటా ఒక్కింటికి 58 రూపాయల చొప్పున కంపెనీని తీసుకొన్నది. ఉద్యోగాలు చాల వరకు నిలిచినవి. ఆ పని సమర్థంగా జరిగినదని ఒప్పుకొనవలసినదే. 2015 ఏప్రిల్‌లో హైదరాబాదులోని ప్రత్యేక న్యాయస్థానం రామలింగరాజుకు, మరి తొమ్మిదిమందికి ఏడేండ్ల శిక్ష విధించినది.

పరిహారం సంగతి వచ్చేసరికి చరిత్ర మళ్లీ పాతదారి పట్టినది. సత్యం వాటాలు అమెరికాలోని న్యూయార్కు బజారులో కూడ నడిచేవి. అక్కడ కొన్నవారు అందరి తరఫున ఒకే దావా వేసే పద్ధతి ఆ దేశంలో ఉన్నది. వేశారు. 2011లో కంపెనీ వారికి 12 కోట్ల 50 లక్షల డాలర్లు చెల్లించడానికి రాజీ కుదుర్చుకొన్నది. అదే కంపెనీలో అదే రోజున నష్టపోయిన భారతీయ చిన్న వాటాదారులకు, న్యాయస్థానాల తలుపులు తట్టినప్పటికీ, అటువంటి పరిహారం రాలేదు. అప్పటికి మన కంపెనీ చట్టంలో అటువంటి సామూహిక దావాకు దారి లేదు. 2013 చట్టంలో 245వ సెక్షనుగా ఆ దారి ఏర్పడినది. 1888లో విచారణ లండనులో జరిగితే 2011లో పరిహారం న్యూయార్కులో ముట్టినది. రెండు పర్యాయాలూ సొమ్ములో కొంత ఇక్కడి మట్టిమనుషులదే. చెప్పుకొనే చోటు మాత్రం సముద్రం ఆవల.

ఆ తరువాత బజారు తిరిగి లేచినది. 2009 మే 18న, ఎన్నికల ఫలితాలు వచ్చిన మొదటి పనిదినాన, ధరలు పెరిగిన వేగానికి వ్యాపారం నిలిపివేయవలసి వచ్చినది. పడిపోయినందుకు ఆగిన తెర పదహారు నెలల తరువాత లేచినందుకు ఆగినది. పెట్టెకు తాళం వేసిన పెద్దమనిషి నష్టం లేకుండా బయటపడ్డాడు. ఆయనకు చేయవలసిన పెండ్లి ఏదీ లేదు.

మా మామయ్య ఇంకా ఉన్నారు. రామగుండం మబ్బుపట్టిన ఉదయాలలో ఆయాసం వస్తుంది గాని చెవి మాత్రం చురుకే. ఈ ప్రసంగం కొరకు పాత కాగితాలు చదువుతూ, హైదరాబాద్ దక్కన్ కంపెనీ కథను మొన్న ఆయనకు చెప్పాను. 85 వేల ఉచిత వాటాలు, అబ్దుల్ హక్, పార్లమెంటు విచారణ, అంతా శ్రద్ధగా విన్నారు. లండనువారి నష్టం గురించి ఏమీ అడగలేదు. "శిస్తు కట్టినోళ్ల పైసలు గదా, మరి ఎలగందల చావడి కాడ ఎవలన్న డప్పు కొట్టి చెప్పిన్రా?" అన్నారు. లేదన్నాను. ఆయన పక్కన ఉన్న పత్రికను షేర్ల పుట తిరగేసి మడిచి, మూడు గంటల సైరను కూసినదా అని నన్నడిగి, కూసినదనగానే మనుమడు షిఫ్టు దిగి వచ్చే వేళైనదని లేచి గేటు వైపు పోయారు.